మోకాలి కింది ముడి

మా అమ్మ పత్తి చేన్లో కలుపు తీస్తుంటే కాలి చెప్పు ఊడిపోయింది. ఊడిన సంగతి తెలియకుండానే సాలు చివరిదాకా నడిచి వచ్చింది. ఈ ముచ్చట నాకు ఫోన్లో చెప్పినవాడు మా నాయిన. నవ్వుకుంటూనే చెప్పాడు.

"మీ అమ్మకు మతిమరుపు ముదిరింది బిడ్డా. కాలికి చెప్పుందో లేదో గూడ తెల్వకుంట నడుస్తాంది."

వెనక నుంచి అమ్మ గొంతు వినపడింది. "బురదల ఊడింది. నీకు ఊడలేదా ఎన్నడు? పెద్ద చెప్పొచ్చినవు!"

నేనూ నవ్వి ఫోన్ పెట్టేశాను. చెప్పు ఊడటం పెద్ద విషయమని ఎవరనుకుంటారు?

నేను చౌటుప్పల్‌లో ఉంటాను. హైవే పక్కన ఒక హైస్కూల్లో పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. మా పుట్టినూరు మర్రిగూడ దాటాక వస్తుంది. అక్కడ పత్తి, కంది, పెసర, ఏది పండాలన్నా వానే దిక్కు. ఆ శనివారం బడి కాగానే బస్సెక్కి ఊరికి వెళ్లాను. వాకిట్లో అడుగు పెట్టేసరికి అమ్మ నీళ్ల చెంబు పట్టుకొని వంటింట్లోకి పోతోంది. కుడి మోకాలిని మెట్టెక్కేటప్పటిలా పైకెత్తుతోంది. పాదం మాత్రం చీలమండ దగ్గర వేలాడిపోయి, దించగానే నేలకు టప్పుమని కొట్టుకుంటోంది.

"అమ్మా, ఏందే గట్ల నడుస్తున్నవు?"

"ఎట్ల నడుస్తున్న? మంచిగనే నడుస్తున్న."

"మంచిగనా? కాలు టపటప కొట్టుకుంటాంది, ఇనపడ్త లేదా?"

"ముసలిదాన్నైన. కొట్టుకోక పాట పాడ్తదా?"

మా అమ్మతో మాట్లాడితే ఇంతే. అడిగినదానికి జవాబు రాదు, మనకే ఒక ప్రశ్న తగులుతుంది. ఆ గుణమే నాకూ వచ్చిందని మా ఇంటాయన అంటాడు. అనుకోనివ్వండి.

నేను గొంతు పెంచేసరికి పక్కింటి పెద్దమ్మ, అంటే మా నాయిన అన్న భార్య, గోడ మీదుగా తొంగి చూసింది. అమ్మను నాలుగడుగులు నడిపించింది. చెంప మీద చెయ్యేసుకుంది.

"నీళ్లు పట్టినయే బిడ్డా. మీ అవ్వకు గూడ కాళ్లల్లనే షురువైంది గద."

ఆ మాటతో నాయిన ముఖంలో నవ్వు పోయింది. అమ్మ చెంబు పట్టుకొని లోపలికి పోయింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా దిక్కు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. తరతరాలుగా ఆ నీళ్లు తాగి పళ్లు పచ్చబడ్డాయి, ఎముకలు వంకర్లు పోయాయి. రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చి ఇంటి ముందరి నల్లాలో పడ్డాయి. ఇప్పటి పిల్లలు నవ్వితే పళ్లు తెల్లగా మెరుస్తాయి, చూస్తే కడుపు నిండుతుంది. కానీ సగం జీవితం ఆ పాత నీళ్లే తాగినవాళ్ల ఎముకల్లో చేరింది ఎక్కడికి పోతుంది? అందుకే మా ఊళ్లో ఎవరికి ఏ నొప్పి వచ్చినా నేరం నీళ్లదే. మెడ పట్టినా నీళ్లే, నడుము పట్టినా నీళ్లే. ఇక వేరే కారణం వెతకడం ఎవరికీ తోచదు. జీవశాస్త్రం చెప్పే నాకూ తోచలేదు.

మా అవ్వ, నాయిన తల్లి, చివరి ఏళ్లన్నీ మంచంలోనే గడిపింది. ఆమెను ఎత్తి కూర్చోబెట్టింది, నీళ్లు పోసింది, ముద్ద కలిపి నోట్లో పెట్టింది మా అమ్మే. నేను చిన్నపిల్లను, గడపలో కూర్చొని చూసేదాన్ని. అందుకే అమ్మ కాలు వేలాడటం అంటే ఏమిటో మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇవాళ కాలు, రేపు నడుము, ఆపైన మంచం. అమ్మను మోయాలంటే నేను మోస్తాను, దానికేం. కానీ మా అమ్మ మోయించుకునే మనిషి కాదు. చేతిలో సంచి కూడా ఇంకొకళ్లకు ఇవ్వదు. ఆమె మంచాన పడితే బతికుండగానే సగం చచ్చిపోతుంది. నాకున్న భయమంతా అదే.

తెల్లారి ఆదివారం ఇంట్లో పెద్ద లొల్లి. నేను దవాఖాన అన్నాను. అమ్మ రానంటే రానంది.

"బొక్కలల్ల చేరిందాన్ని ఏ దవాఖానోడు తీస్తడే? మీ అవ్వను యాడికి తీస్కపోతే తగ్గింది?"

చూడ్డానికి వచ్చిన ఒక చుట్టపాయన, పావురం రక్తం రుద్దితే పడిపోయిన కాలు లేస్తుందని సలహా చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "నీకు మోకాలు నొచ్చినప్పుడు సూది ఏసుకున్నవు గద మామా, అప్పుడు పావురం దొరకలేదా?" అన్నాను. ఆయన చాయ్ సగంలో వదిలి లేచిపోయాడు. నాయిన తల పట్టుకున్నాడు. అమ్మకు మాత్రం నవ్వాగలేదు. ఆ నవ్వులోనే "సరే, నడువు, నీ నోటికి మొక్కుత" అని ఒప్పుకుంది.

సోమవారం సెలవు పెట్టి ముగ్గురం నల్గొండ బస్సు ఎక్కాం. ఎక్కేటప్పుడు అమ్మ కుడికాలి వేళ్లు బస్సు మెట్టుకు తగిలి ముందుకు తూలింది. కండక్టర్ "జల్ది ఎక్కవ్వా, లేటైతాంది" అన్నాడు. అంతే, అతని మీద విరుచుకుపడ్డాను. మీ అమ్మ అయితే ఇట్లనే అంటవా అని బస్సంతా వినేటట్టు కడిగేశాను. పాపం, అతను ఏమీ అనకుండా తన సీటు ఖాళీ చేసి అమ్మను కూర్చోబెట్టాడు. నాకు కోపం వచ్చింది అతని మీద కాదని నల్గొండ వచ్చేదాకా నాకు తెలియలేదు.

నరాల డాక్టరు ఒక ఆడపిల్ల, మా పెద్దబ్బాయి కంటే ఎంతో పెద్దది కాదు. మాది పాలమూరు అని మాటల్లో తనే చెప్పింది. నేను లోపలికి వెళ్లగానే మొదలుపెట్టాను. ఊరు, నీళ్లు, అవ్వ, ఎముకలు, వెన్నుపాము మీద ఒత్తిడి, నాకు తెలిసిందంతా ఏకరువు పెట్టాను. ఆమె ఓపికగా విని అడిగింది.

"మీరు టీచరా?"

"అవును."

"అనుకున్న. జర ఆగుండ్రి టీచర్. ముందుగాల కాలు ఏం చెప్తదో ఇందాం."

అమ్మను బల్ల మీద పడుకోబెట్టింది. రెండు మోకాళ్లూ వంచింది, చాపింది. కాలు ఎక్కడా బిగుసుకుపోకుండా మెత్తగా కదిలింది. రబ్బరు సుత్తితో మోకాలి కింద కొట్టింది. రెండు కాళ్లూ ఎంత ఎగరాలో అంతే ఎగిరాయి. "పాదం కిందికి తొక్కుండ్రి అమ్మా" అంది. తొక్కింది. "లోపలికి తిప్పుండ్రి." తిప్పింది. "బయటికి." కదల్లేదు. "పైకి లేపుండ్రి." అమ్మ పళ్లు బిగబట్టింది, నుదుటి మీద చెమట పట్టింది. పాదం ఉన్నచోటే ఉంది. దూదితో కాలంతా తాకిస్తూ తెలుస్తోందా అని అడిగింది. అరికాలు తెలుస్తోంది, పిక్క తెలుస్తోంది. కాలికి బయటి పక్కన, పాదం పైభాగాన తెలియడం లేదు. ఆ జాగా వరకూ పెన్నుతో గీత గీసింది.

ఆమె చేస్తున్నది ఏమిటో నాకు మెల్లగా అర్థం కాసాగింది. ఏటా పదో తరగతికి నల్లబల్ల మీద బొమ్మ వేసి చెప్పే పాఠమే అది. కాలు లేపాలని మెదడు అనుకుంటే ఆ కబురు ఒక్క నరంలో పోదు. మెదడులో మొదలైన మొదటి నరం వెన్నుపాము గుండా నడుము దాకా దిగుతుంది. అక్కడ చిన్న ఎడం ఉంటుంది. ఆ ఎడంలో ఒక రసాయనం చుక్క విడిచి తన కబురును రెండో నరానికి అప్పజెబుతుంది. రెండో నరం అక్కడినుంచి బయటికొచ్చి తొడ, మోకాలు దాటి కండ దాకా పోతుంది. ఎక్కడ చెడిందో కాలును చూసి చెప్పొచ్చు. పై నరం చెడితే అదుపు చేసేవాళ్లు లేక కింది నరాలు ఇష్టం వచ్చినట్టు పనిచేస్తాయి, కాలు బిగుసుకుంటుంది. కింది నరం చెడితే కండకు కబురే అందదు, కాలు మెత్తబడి వేలాడుతుంది. మార్కుల కోసం పిల్లలతో బట్టీ పట్టించిన ఈ రెండు ముక్కలు మా అమ్మ కాలి మీద నాకు కనిపించాయి. ఫ్లోరైడ్ అయితే ఎముక పెరిగి వెన్నుపామును నొక్కాలి, అప్పుడు రెండు కాళ్లూ బిగుసుకోవాలి. ఇది ఒక్క కాలు, అదీ మెత్తగా ఉంది. అంటే ఇది నీళ్ల పని కాదేమో.

డాక్టరమ్మ మోకాలి కింద బయటి పక్కన ఉన్న నల్లటి గాడి మీద వేలు పెట్టి ఆగింది.

"గిక్కడ ఏం కడ్తరమ్మా?"

అమ్మ సిగ్గుపడింది. "ఏం లేదు బిడ్డా."

"ఏం లేకుంటె గింత మచ్చ ఎట్ల పడుతది?"

"నొప్పికి పాత గుడ్డ కడుతరు మేడం, మా ఊళ్లో అందరూ కడుతరు" అని నేనే తేలిగ్గా చెప్పేశాను. బస్సెక్కే ముందు అమ్మ దాన్ని విప్పి సంచిలో దాచుకుంది, డాక్టర్ ముందర బాగుండదని.

మా ఊరి ఆడవాళ్లకు కీళ్ల నొప్పులకు ఒకటే మందు, కట్టు. పాత నూలు చీర అంచు చింపుతారు. ఆముదపు ఆకును మంట మీద వెచ్చబెట్టి మోకాలికి చుట్టి, కింద ఆ అంచుతో గట్టిగా గుంజి కడతారు. ముడి ముందుకు వస్తే వంగినప్పుడు గుచ్చుకుంటుంది, వెనక్కు వస్తే కూర్చున్నప్పుడు నలుగుతుంది. అందుకని బయటి పక్కకు తిప్పి వేస్తారు. కలుపుల కాలంలో సద్ది కట్టుకున్నట్టే కాళ్లకు కట్లు కట్టుకొని బయల్దేరతారు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదాన్ని కాబట్టి అది నా కంటికి ఎన్నడూ ఆనలేదు.

"కట్టుకొని చూపెట్టుండ్రి, రోజు ఎట్ల కడ్తరో గట్లనే" అంది డాక్టరమ్మ.

అమ్మ గుడ్డ తీసి కాలికి చుట్టి, ఒక కొస పళ్లతో పట్టి గుంజి ముడేసింది. ముడి సరిగ్గా ఆ నల్ల గాడిలో కూర్చుంది. "ఇప్పుడు కలుపు తీసేటట్టు కూర్చోండ్రి." అమ్మ నేల మీద గొంతుక్కూర్చుంది. మడిచిన కాలికీ తొడకూ మధ్య ఆ ముడి ఇంకా లోపలికి దిగింది. డాక్టరమ్మ ముడి విప్పించి, అక్కడ ఎముక మీద వేలితో టకటక కొట్టింది. అమ్మ ఎగిరిపడింది.

"ఓయమ్మో! ఏళ్ల దాంక జివ్వుమన్నది!"

"అగో, గదే నరం. ఒళ్లంతట నరాలు కండల నడుమ దాక్కొని పోతయి. ఇది గీడ మాత్రం ఎముక మీదికెళ్లి, తోలు కిందనే పోతది. పాదాన్ని లేపేది ఇదే. ముడి దాని మీదనే పడ్డది. పొద్దంత గొంతుక్కూసునే సరికి ఇంకింత నలిగింది."

"కాలు వశం తప్పుతాందని ఇంకా గట్టిగ కట్టిన గద బిడ్డా" అంది అమ్మ.

"కట్టినకొద్ది వశం తప్పింది."

మాట మీద వదిలేయకుండా మిషన్ మీద పరీక్ష చేసింది. పాదం మీద చిన్న బిళ్లలు అంటించి, చీలమండ దగ్గర సన్నగా కరెంటు పెట్టింది. తెర మీద గీత నిటారుగా లేచింది. ముడి కింద పెట్టింది, మళ్లీ లేచింది. అప్పుడే అమ్మ పాదం దానంతటదే పైకి ఎగిరింది.

"ఓ నా తల్లే! నేను లేపలేదు, అదే లేసింది! చూసినవా?" అని నాయిన చెయ్యి పట్టుకుంది. నాయిన నోరు తెరిచి చూస్తున్నాడు. రోజుల తరబడి వేలాడిన పాదం మా కళ్ల ముందర లేచి కూర్చుంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

తర్వాత ముడి పడే చోటుకు పైన కరెంటు పెట్టింది. గీత లేవలేదు. సన్నగా వణికి పడుకుంది.

క్లాసులో నేను పిల్లలను వరుసగా చేతులు పట్టుకొని నిలబడమంటాను. మొదటివాడు పక్కవాడి చెయ్యి నొక్కాలి, వాడు ఆ పక్కవాడిది, అట్లా చివరిదాకా. నరంలో కబురు పోయేది అట్లాగే. కరెంటు తీగలో కరెంటులా జర్రున జారిపోదు. నరం పోగు గోడకు చిన్న చిన్న తలుపులుంటాయి. ఒకటి తెరుచుకుంటే సోడియం లోపలికి దూకుతుంది, దాంతో పక్క తలుపు తెరుచుకుంటుంది. ఆ పోగు చుట్టూ కొవ్వు పొర చుట్టి ఉంటుంది కాబట్టి కబురు ఒక్కో సందు దాటుకుంటూ ఉరుకుతుంది. ఆ పొర నలిగిన చోట ఉరుకు ఆగిపోతుంది. వరుస మధ్యలో ఒకడు కిటికీలోంచి బయటికి చూస్తుంటే వాడి దగ్గర నొక్కుడు ఆగిపోదూ? వాడి తర్వాత నిలబడ్డవాళ్లకు ఏ జబ్బూ ఉండదు. కబురు కోసం ఊరికే ఎదురుచూస్తుంటారు.

నాయినకు ఈ సోడియం గొడవ అక్కర్లేదు. "పైపు మీద ఎవలో కాలు పెట్టిండ్రన్నట్టు. పైపు మంచిగనే ఉన్నది, గంతేనా?" అని అడిగాడు. డాక్టరమ్మ గంతే అంది. లోపలి పోగు తెగలేదు, పై పొరే నలిగింది, పొర మళ్లీ చుట్టుకుంటుంది అంది. కట్టు బంద్, గొంతుక్కూర్చోవడం బంద్. పాదం వేలాడకుండా ప్లాస్టిక్ పట్టీ వేసుకోవాలి, పొద్దున సాయంత్రం ఎవరైనా పాదాన్ని చేత్తో పైకి ఎత్తి దించుతుండాలి.

"లేస్తదా మేడం?" అన్నాను.

"లేస్తదనే నా నమ్మకం. జర టైం పడుతది. ఒట్టేసి మాత్రం చెప్పను టీచర్."

బయటికొచ్చి నాయిన మిర్చి బజ్జీలు కొన్నాడు. ఆయన అట్లా అడగకుండా కొనడం నేను ఎన్నడూ చూడలేదు. నేను బస్సులో ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాను. నీళ్లు కాదు, వెన్ను కాదు, మంచం లేదు. ఇంత మంచి కబురు విని కూడా అమ్మ మాత్రం బజ్జీ చేతిలో పట్టుకొని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"మంచి మాట చెప్పినంక గూడ మొఖం గట్ల పెడ్తవేందే?"

"ఏం లేదు. తల నొస్తాంది."

ఇంటికి వెళ్లగానే ఆ గుడ్డను పొయ్యిలో వేసింది. అది కాలిపోయేదాకా అక్కడే కూర్చుంది.

ఆ తర్వాత వారాలు ఎట్లా గడిచాయంటే, నవ్వాలో ఏడవాలో తెలియనట్టు గడిచాయి. పాదం ఎత్తి దించే పని నాయిన మీద పడింది. మొగుడు పెండ్లాం కాలు పట్టుకోవడమా అని అమ్మ గగ్గోలు పెట్టింది. పాపం తగులుతుందంది. తలుపు వేసుకొమ్మంది. నాయిన వాకిట్లోనే, అందరూ చూస్తుండగానే, ఆమె కాలు తన ఒళ్లో పెట్టుకొని ఎత్తేవాడు, దించేవాడు. పెద్దమ్మ గోడ మీదుగా "మా మరిది సేవ చూసినవా, జల్మ ధన్యం" అని ఎగతాళి చేసేది. అయిపోగానే అమ్మ వంగి ఆయన కాళ్లు తాకి కళ్లకద్దుకునేది. "ఎత్తుడు నాకు గని గీ మొక్కుడెందుకే, నడుము నొస్తది" అని నాయిన విసుక్కునేవాడు.

పెద్దమ్మ మాత్రం తన కట్టు విప్పలేదు. "నరం గిరం నాకు తెల్వదు, కట్టు లేకుంటె అడుగు పడదు" అంది. నేను ఆమెతో గొంతు చించుకొని వాదించాను. చివరికి ముడిని కొంచెం వదులు చేసుకుంటానని, మోకాలి మీదికి జరుపుకుంటానని ఒప్పుకుంది. అదే పదివేలు అనుకున్నాను. చిత్రమేమిటంటే, కట్ల మాట వచ్చినప్పుడల్లా అమ్మ లేచి లోపలికి పోయేది. తనకు ఇంత జరిగాక తనే నలుగురికీ చెబుతుందనుకున్నాను. ఒక్క మాట అనేది కాదు. అన్నం కూడా సరిగా తినడం లేదని నాయిన ఫోన్లో చెప్పాడు.

ప్రతి ఆదివారం నేను వెళ్లి, మంచం మీద కూర్చోబెట్టి, "ఊ, లేపు" అనేదాన్ని. అమ్మ కళ్లు మూసుకొని బలమంతా పెట్టేది. ఏమీ లేచేది కాదు. నాకు నమ్మకం సడలిపోతోందని బయటికి చెప్పలేక, "గట్టిగ లేపు, ఒళ్లు దాచుకుంటున్నవు" అని కసిరేదాన్ని. పొరకు బదులు పోగే తెగి ఉంటే? తెగిన పోగు రోజుకు ఒక మిల్లీమీటరుకు మించి పెరగదు, ఒక్కోసారి దారి తప్పుతుంది కూడా. నాకు ఆ సంగతి తెలియకపోయినా బాగుండేది.

బతుకమ్మ పండుగకు ఇంకా కొన్ని రోజులున్నాయనగా ఒక ఆదివారం పొద్దున, ఎప్పటిలాగే లేపమన్నాను. బొటనవేలు కదిలింది. నా భ్రమ అనుకున్నాను. "ఇంకోసారి" అన్నాను. మళ్లీ లేచింది. కొంచెమే, కానీ లేచింది. దాని వెనకే పాదం ముందుభాగం కూడా బరువుగా పైకొచ్చి, పడిపోయింది.

"నాయినా! దా, ఉరుకు! లేసింది!" అని అరిచాను. నాయిన గొడ్ల దగ్గర నుంచి పేడ చేతులతోనే ఉరికొచ్చాడు. నేను అమ్మను పట్టుకొని ఊపేస్తున్నాను. అమ్మ ఏడుస్తోంది. సంతోషమనుకున్నాను. కానీ ఆ ఏడుపు ఆగలేదు, ఎక్కిళ్లు పెట్టి ఏడుస్తోంది.

"ఏమైందే? లేసింది గద! ఇంక ఏడుపెందుకు?"

"నాది లేసింది బిడ్డా. మీ అవ్వది లేవకపాయె."

"అవ్వ ముచ్చట ఇప్పుడెందుకు?"

"మీ అవ్వకు కట్లు కట్టిందెవలు? నేను కాదా? పొద్దున లేస్తె రెండు కాళ్లకు నేనే కడ్తుంటి. నొప్పి నొప్పి అంటె ఇంకింత గుంజి కట్టిన. గా డాక్టరమ్మ చెప్పిన సంది నాకు నిద్ర లేదు. నేనే తీసిన్నా, మీ అవ్వ కాళ్లు?"

నాకు ఇన్నాళ్ల అమ్మ మౌనం అంతా ఒక్కసారి అర్థమైంది. మేము ఆమె కాలి కోసం ఎదురుచూస్తుంటే, ఆమె ఈ బరువు మోసుకుంటూ కూర్చుంది. జీవితంలో మొదటిసారి అమ్మ మీద నాకు కోపం రాలేదు. మంచం మీద ఆమె పక్కన కూర్చున్నాను.

"అడిగినదానికి జవాబు చెప్పు. ఎదురు ప్రశ్న వెయ్యకు. అవ్వ పాదం నీ లెక్క వేలాడేనా?"

ఆలోచించింది. "లేదు. కాళ్లు బిగుసుకపోయినయి. కట్టెల లెక్క. నీళ్లు పోసేటప్పుడు వంచబోతె వంగకపోవు. ఊకె ముట్టుకున్నా ఎగిరిపడుతుండె."

"ఒక్క కాలా, రెండా?"

"రెండు."

"చేతులో?"

"చేతులు తిమ్మిరంటుండె. మెడ తిరగకపాయె."

"నువ్వు కట్లు కట్టకముందు మంచిగనే ఉండెనా?"

"కట్టకముందే నడుము వంగింది. గందుకే కడితిని."

"అయితే విను. ముడి పడితే కింది నరం నలుగుతది. కింది నరం నలిగితే కాలు మెత్తబడుతది, నీది మెత్తబడ్డట్టు. అవ్వవి బిగుసుకున్నయి. గది పై నరం, వెన్నుపాముల ఉంటది. నువ్వు మోకాలికి కట్టిన ముడి మెడ దాంక పోదు, చేతుల దాంక పోదు. అవ్వ కాళ్లు తీసింది నీళ్లే అమ్మా. నువ్వు కాదు."

"నిజంగనా? నా మనసు కోసం చెప్తున్నవా?"

"నీ మనసు కోసం నేను ఎన్నడన్నా ఒక్క మంచి మాట చెప్పిన్నా?"

అమ్మ నా ముఖంలోకి చూసింది. చెప్పలేదని ఆమెకు తెలుసు. పొడుగ్గా ఊపిరి వదిలింది. నాయిన పేడ చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లో పట్టుకొనే అన్నాడు.

"మా అమ్మ పోయేనాడు నన్ను పిలువలేదు, అన్నను పిలువలేదు. నిన్ను పిలిచి నీ చేతి ముద్ద అడిగింది. కాళ్లు తీసినోళ్లనైతే గట్ల అడుగుతదా?"

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత ఆమె గొంతు లేచింది, మా ఇంట్లో ఎన్నాళ్ల నుంచో వినపడని గొంతు.

"గా మాట గిన్ని దినాల సంది చెప్తె నీ నోట్లకెళ్లి ముత్యాలు రాలుతుండెనా? నేను ఒక్కదాన్నే కుమిలి చస్తుంటె చూసుకుంట కూసున్నవు!"

నాయిన నవ్వాడు. నేనూ నవ్వాను. అమ్మ తిడుతూనే ఉంది. ఆ తిట్ల మధ్యలో మంచం అంచున ఆమె కుడి పాదం బొటనవేలు మళ్లీ లేచింది, ఈసారి ఎవరూ లేపమనలేదు.